చిప్‌లో పట్టనిది పుస్తకంలో

1977లో అమెరికాలో అటారీ సంస్థ అమ్మకానికి పెట్టిన వీడియో గేమ్ యంత్రంలో ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కావు, ఉత్త బైట్లే. ఇప్పుడు వెబ్‌లో వాడే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి కనీసం మూడు బైట్లు కావాలి కనుక, పైనున్న మొదటి వాక్యం కూడా అందులో పట్టదు. యంత్రంతో పాటే ఇచ్చిన ‘కంబాట్’ ఆట కార్ట్రిడ్జ్ మొత్తం 2 కిలోబైట్లు. ట్యాంకులు, విమానాలు, గుండ్లు, చప్పుళ్ళు, పాయింట్ల లెక్క అన్నీ అందులోనే సర్దాలి. ఇక ఎలా ఆడాలో తెర మీద రాసి చూపడానికి చోటెక్కడిది?

చోటు కాగితం మీద ఉంది. కంబాట్‌లో 27 రకాల ఆటలుండేవి. మీట నొక్కినప్పుడల్లా తెర మీద ఒక అంకె మారేది, అంతే. ఏ అంకెకు ఏ ఆట, అందులో గోడలున్నాయా, గుండు గోడకు తగిలి తిరిగొస్తుందా అన్నది చేతిలోని చిన్న పుస్తకంలో పట్టిక తీసి చూసుకోవాలి. 1980లో ఇదే యంత్రానికి వచ్చిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో ఈ రకాలు 112కి చేరాయి. నన్నడిగితే ఆ మాన్యువల్ కూడా యంత్రంలో ఒక భాగమే: సిలికాన్ ఖరీదు భరించలేక కాగితానికి మార్చిన జ్ఞాపకశక్తి.

సూచనలే కాదు, కథ కూడా కాగితానికే వెళ్ళింది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లు. మాన్యువల్ చదివినవాళ్ళకు ఒక విడ్డూరం తెలుస్తుంది. కూపా రాజు మంత్రం వేసి పుట్టగొడుగుల రాజ్యంలోని జనాన్ని రాళ్ళుగా, ఇటుకలుగా, మొక్కలుగా మార్చేశాడట. అంటే మారియో ఎగిరి పగలగొట్టే ఇటుకలు ఒకప్పటి పౌరులన్నమాట! మన ఊళ్ళలో 1990లలో నకిలీ గేమ్ యంత్రాల మీద, వందల ఆటలున్నాయని పైన రాసిన క్యాసెట్లు పెట్టి ఆడిన పిల్లలకు ఈ ఘోరం తెలిసే దారే లేదు. ఆ క్యాసెట్లతో పుస్తకం ఎక్కడ వచ్చింది? అందరం నిశ్చింతగా పగలగొట్టాం.

ఇన్ఫోకామ్ అనే సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1982లో వచ్చిన వాళ్ళ అపరాధ పరిశోధన ఆట ‘డెడ్‌లైన్’ పెట్టెలో ఫ్లాపీతో పాటు సాక్షుల వాంగ్మూలాలు, ల్యాబ్ రిపోర్టు, శవం దగ్గర దొరికినట్టుగా మూడు మాత్రలు కూడా పెట్టారు. ఫ్లాపీలో పట్టని సమాచారం ఆ విధంగా సాక్ష్యాధారాల వేషం కట్టింది.

మాన్యువల్‌కు కాపలా ఉద్యోగమూ వచ్చిపడింది. ఫ్లాపీని కాపీ చేయడం నిమిషాల పని, పుస్తకాన్ని కాపీ చేయడం విసుగు. అందుకే ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ పీసీ ఆటలో మొదటి అంచె దాటగానే ఒక గది నిండా సీసాలు కనిపిస్తాయి. మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా పదం మొదటి అక్షరం చూసి, ఆ అక్షరమున్న సీసా తాగాలి. వేరేది తాగితే ముందుకు సాగలేరు. జిరాక్స్ తీసుకుంటారేమోనని ‘సిమ్‌సిటీ’ వాళ్ళు ముదురు ఎర్ర కాగితం మీద నల్ల సిరాతో సంకేతాలు అచ్చు వేశారు. అప్పటి జిరాక్స్ యంత్రానికి ఎరుపూ నలుపూ ఒకటే. డబ్బిచ్చి కొన్నవాడికీ అది చదవడం కష్టమే అనుకోండి.

సీడీ రాకతో లెక్క తిరగబడింది. 650 మెగాబైట్లంటే 16,000 మారియోలకు పైగా పట్టే చోటు. కథ, బొమ్మలు, గొంతులు అన్నీ లోపలికే వచ్చేశాయి. 1998లో ‘హాఫ్-లైఫ్’ ఏకంగా ఒక శిక్షణ మైదానాన్నే ఆటలో పెట్టింది. గెంతడం, పాకడం, కాల్చడం అక్కడే నేర్పింది. పట్టికలు చదవడం కన్నా చేసి నేర్చుకోవడమే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. పైగా పుస్తకం ఆట కన్నా ముందే అచ్చుకు వెళ్ళాలి. ఇంటర్నెట్‌లో సవరణలు రావడం మొదలయ్యాక, పెట్టె విప్పేసరికే అందులోని అంకెలు పాతబడేవి. అయినా ‘ఫాల్కన్ 4.0’ లాంటి యుద్ధవిమానాల ఆట అదే 1998లో సుమారు 600 పేజీల మాన్యువల్‌తో వచ్చింది. అలాంటి విమానం నడపడం తెర మీద నాలుగు ముక్కల్లో చెబితే వచ్చేది కాదు.

2010 ఏప్రిల్‌లో యూబీసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 ఆటల్లో కాగితం మాన్యువల్ ఆపేస్తున్నానని ప్రకటించింది. ఒక టన్ను మాన్యువల్ కాగితానికి సగటున 13 చెట్ల నుంచి 2 టన్నుల కలప పోతోందని లెక్క చెప్పింది. లెక్క సరే. అచ్చు ఖర్చు, అనువాదాల అచ్చు ఖర్చు, బరువు మోసే ఖర్చు కూడా ఆ చెట్లతో పాటే మిగిలాయి. మిగతా పెద్ద సంస్థలూ ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆటల పెట్టెలో పుస్తకాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కేలు మాత్రం ఉన్నాయి, చాలా ఆటలకు పుస్తకం లేదు.

కొత్త ఆటలకు దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేదు. చిక్కంతా పాత ఆటలను డౌన్‌లోడ్ రూపంలో మళ్ళీ అమ్మేటప్పుడే. నింటెండో 1990లో తెచ్చిన ‘స్టార్‌ట్రాపిక్స్’ పెట్టెలో ఒక ఉత్తరం ఉండేది. ఆటలో ఒకచోట ఆ ఉత్తరాన్ని నీళ్ళలో ముంచమంటారు. ముంచేది నిజం కాగితం, నిజం నీళ్ళలో. అప్పుడు 747 అనే అంకె బయటపడుతుంది, అది లేనిదే ఆట ముందుకు సాగదు. వాడిన ఆటను ఉత్తరం లేకుండా కొన్నవాళ్ళు అక్కడే ఆగిపోయేవారు. తర్వాత తన ‘వీ’ (Wii) యంత్రానికి ఆ ఆటను డౌన్‌లోడ్‌గా అమ్మినప్పుడు నింటెండో తెర మాన్యువల్‌లో ఉత్తరం బొమ్మ, పక్కన నీళ్ళ బకెట్ బొమ్మ గీయించింది. బకెట్ నొక్కితే ఉత్తరం మునుగుతుంది, అంకె తేలుతుంది.