ఆకు చెబుతుంది.. తామరో, కలువో

కోదాడ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చెరువుల్లో గుర్రపుడెక్కను తొలగించేవారు దేశీయ మొక్కలైన తామర, కలువలను గుర్తించి వదిలేయాలి. దుంపతో సహా పెరికితే ఆ మొక్క తిరిగి చిగురించదు.

పూలు లేనప్పుడు ఆకే ఆనవాలు. తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా ఉంటుంది. కాడ ఆకు అడుగున నడిమధ్య అతికి ఉంటుంది. ముదిరిన ఆకులు నీటిపైకి లేచి నిలుస్తాయి. వాటిపై నీటిబొట్టు నిలవక జారిపోతుంది. కలువ ఆకు నీటిపైనే పరుచుకుంటుంది. దాని అంచు నుంచి కాడ వరకు చీలిక కనిపిస్తుంది. పూరేకులు రాలాక తామరకాయ గరాటులా నీటిపైనే నిలుస్తుంది. కలువకాయ నీటిలో మునిగి పండుతుంది.

గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దాని కాడ ఉబ్బి బెండులా ఉంటుంది. లోతు నీటిలో వేళ్లు వేలాడుతూ మొక్క తేలుతుంది. తామర, కలువలు అడుగు బురదలో పాతుకొని ఉంటాయి. పెరికే ముందు ఆకును, కాడను ఒకసారి పరిశీలిస్తే చాలు.