ఒక మూల పేజీ, ముప్పై పేజీలు: సంఘాల వెబ్‌సైట్లకు తేలిక దారి

చెన్నైలోనో, బెంగళూరులోనో, బరంపురంలోనో ఉన్న తెలుగు సంఘానికి 30 పేజీల వెబ్‌సైట్ ఉందనుకుందాం. కార్యదర్శి మారితే, పేజీల అడుగున ఉన్న ఫోన్ నంబరును 30 చోట్లా మార్చాలి. ఒకటి రెండు చోట్ల పాతదే మిగిలిపోతే, ఫోన్ చేసినవారికి సంఘం దొరకదు.

దీనికి టెంప్లేట్ ఇంజిన్లలో మార్గం ఉంది. పైథాన్‌తో పనిచేసే జాంగో, జింజా రెండింటిలోనూ పద్ధతి ఇంచుమించు ఒకటే. ముందు ఒక మూల పేజీ రాసుకోవాలి. పైన సంఘం పేరు, మెనూ, అడుగున చిరునామా, ఫోన్ నంబరు అందులోనే ఉంటాయి. పేజీని బట్టి మారే చోట ‘బ్లాక్’ అనే గడి పెట్టి, దానికో పేరివ్వాలి. మిగతా పేజీలు మొదటి వరుసలో ‘ఎక్స్‌టెండ్స్’ అని ఆ మూల పేజీని పేర్కొని, తమ గడులను మాత్రమే నింపుతాయి. నింపని గడిలో మూల పేజీలో ఉన్నదే కనిపిస్తుంది. గడుల బయట రాసిన మాటలు తెరపైకి రావు. కొత్తవారు తికమకపడేది ఇక్కడే.

మనకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పేజీ భాషను తెలిపే ‘లాంగ్’ గుర్తు మూల పేజీ మొదట్లో ఉంటుంది. దాని విలువనూ గడిగా పెట్టి, తెలుగు సంకేతం ‘టీ, ఈ’ రాయండి. తమిళ, కన్నడ, ఒడియా పేజీలు తమ సంకేతాన్ని అక్కడ నింపుకుంటాయి. అక్కడ ఇంగ్లిష్ అని ఉంటే, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోవచ్చు.

తెలుగు లిపి రాని మన పిల్లలు మూల పేజీని చూసుకోవచ్చు. తెలుగు రాయగల పెద్దలు గడుల్లోని మాటలు రాయవచ్చు. ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు.