పండుగ పూట మూగజీవాల మేత

బక్రీద్‌కు వారం పది రోజుల ముందే మన మొహల్లాల్లో గుమ్మాల ముందు మేకపోతులు, పొట్టేళ్ళు కనిపిస్తాయి. పిల్లలు వాటికి పేర్లు పెడతారు, మెడలో పూసలు కడతారు, తమ పళ్ళెంలోది తెచ్చి తినిపిస్తారు. చిక్కంతా ఈ చివరి ముచ్చటతోనే.

మేక పొట్ట మన పొట్ట వంటిది కాదు. ఆకు అలమును మెల్లగా పులియబెట్టి అరిగించుకునే తిత్తి అది. అలవాటు లేని బియ్యం, అన్నం, రొట్టెలు ఒక్కసారిగా ఎక్కువ పడితే అందులో ఆమ్లం పెరిగిపోతుంది. మేక నెమరు మానేస్తుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పారుడు పట్టుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. పండుగ ముందు రాత్రి ఇలా జరిగితే ఆ ఇంటి సంగతేమిటి? చచ్చిన జంతువు మాంసం హరామ్. హనఫీ ఫిఖహ్ ప్రకారం స్తోమత గలవారు మరో జంతువును ఖుర్బానీ ఇవ్వాలి. పేదవారిపై ఆ బాధ్యత లేదు గానీ, ఏడాది పొడుగునా కూడబెట్టిన సొమ్ము తిరిగి రాదు కదా!

మదీనాలో ముస్లింలు ఖుర్బానీ జంతువులను బాగా మేపి బలిపించేవారని బుఖారీలో ఉంది. నిజమే. కానీ అది నిదానంగా జరిగే పని, రాత్రికి రాత్రి బస్తా విప్పి పోయటం కాదు. ఇన్నాళ్ళూ ఏం మేసిందో అమ్మినవారిని అడిగి అదే పెట్టాలి. మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి.

ఇక పండుగనాడు పిల్లి వంతు. వుజూ నీళ్ళు పిల్లి తాగబోతే హజ్రత్ అబూ ఖతాదా (రజి) పాత్ర వంచి మరీ తాగనిచ్చారు. అది మీ మధ్య తిరుగాడే జీవి, అశుద్ధం కాదని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు ఆయన తెలిపారు. ఆ చనువుతోనే అది దస్తర్‌ఖాన్ దగ్గర చేరుతుంది, మనం ఖోర్మాలో ముక్క పడేస్తాం. ఉల్లి, వెల్లుల్లి వండినా సరే పిల్లికి విషమే. రక్తంలోని ఎర్ర కణాలను నాశనం చేస్తాయి. ఆ జబ్బు కొన్ని రోజులకు గానీ బయటపడదు గనుక పండుగ కూర ఎవరికీ గుర్తుకు రాదు. ఉడికిన ఎముక పెళుసై సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. కాపలాకు కుక్కను ఉంచుకున్నవారు షీర్ ఖుర్మా దాని దరికి రానీయకూడదు. కిస్మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పెట్టాలని మనసైతే మసాలా కలపకముందే ఎముక లేని నాలుగు ముక్కలు తీసి, ఉత్త నీళ్ళలో ఉడికించి పెట్టవచ్చు.

నెత్తురు అంటిన పాలిథిన్ సంచులను వీధిలో పడేయవద్దు. వాసనకు వచ్చిన జీవాలు సంచితో సహా మింగేస్తాయి. సెలవు రోజుల్లో ఏ పశువుల ఆసుపత్రి తెరిచి ఉంటుందో అరఫా రోజునే కనుక్కుని ఉంచుకోవాలి.