చుక్క తర్వాతి అక్షరాల ఖరీదు

వెబ్‌సైట్ చిరునామాలో చివరి చుక్క తర్వాత ఉండేదే డొమైన్ ఎక్స్‌టెన్షన్. వీటిలో కామ్, ఆర్గ్ వంటివి పనిని బట్టి పుట్టాయి. ఇన్, యూకే వంటి రెండక్షరాలవి దేశాలకు ఇచ్చినవి.

1980ల నడుమ ఈ ఏర్పాటు జరిగినప్పుడు కామ్ వ్యాపారాలకు, నెట్ నెట్‌వర్కులు నడిపేవారికి, ఆర్గ్ లాభాపేక్ష లేని సంస్థలకు అనుకున్నారు. తర్వాత ఆ గీతలు చెరిగిపోయాయి. ఇప్పుడు డబ్బు కట్టిన ఎవరికైనా ఆర్గ్ దొరుకుతుంది కాబట్టి, దాన్ని చూసి సేవాసంస్థ అని నమ్మి విరాళం ఇవ్వడం తొందరపాటే. గవ్ మాత్రం అమెరికా ప్రభుత్వ సంస్థలకే, గవ్ డాట్ ఇన్ భారత ప్రభుత్వ సంస్థలకే. బ్యాంకుల పేరిట నకిలీ సైట్లు పెరగడంతో రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక సంస్థ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. అర్హత చూసి ఇచ్చే ఇలాంటి ఎక్స్‌టెన్షన్లకే నిజంగా అర్థం ఉన్నట్టు లెక్క.

దేశాల అక్షరాల్లో అదృష్టం పాలు ఎక్కువ. పసిఫిక్ ద్వీపదేశం తువాలుకు దక్కిన టీవీ అనే రెండక్షరాలు టెలివిజన్ కంపెనీలకు ముద్దొచ్చాయి. వాటి హక్కులు అమ్మగా వచ్చిన సొమ్ము ఆ చిన్న దేశం 2000లో ఐక్యరాజ్యసమితిలో చేరే ఖర్చుకు అక్కరకొచ్చింది. కరీబియన్‌లోని అంగ్విల్లాకు ఏఐ వచ్చినప్పుడు దాని విలువ ఎవరికీ తెలియదు. కృత్రిమ మేధ కంపెనీలు ఎగబడ్డాక, 2023లో దాని మీద సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి. ప్రభుత్వ రాబడిలో అది ఐదో వంతుకు పైనే. ఏఐ పేరును కనీసం రెండేళ్లకు కొనాలి, అదీ కామ్‌కు ఎన్నో రెట్ల ధరకు. మన డాట్ ఇన్ 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది గానీ వాడేవారు అరుదు.

ధర ముగ్గురి చేతుల్లో ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ మొత్తాన్నీ నడిపే రిజిస్ట్రీ టోకు ధర నిర్ణయిస్తుంది. రిజిస్ట్రార్ అనే చిల్లర వ్యాపారి తన లాభం కలిపి అమ్ముతాడు. ఈ వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్‌కు కామ్ వంటి పేర్ల మీద ఏడాదికి 20 సెంట్ల వరకు చేరుతుంది. 1995 దాకా కామ్ పేరు ఉచితం. ఆ ఏడాది రెండేళ్లకు 100 డాలర్ల రుసుము పెట్టారు. ఇప్పటి రిజిస్ట్రీ వెరిసైన్ టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లయింది. కామ్ ధర పెంపునకు ఒప్పందంలో హద్దుంది. 2012 తర్వాత వచ్చిన షాప్, ఆన్‌లైన్ వంటి వందలాది కొత్త ఎక్స్‌టెన్షన్లకు అలాంటి హద్దు లేదు. దరఖాస్తుకే 1,85,000 డాలర్లు కట్టిన కంపెనీలు ఆ సొమ్మును కొనేవారి నుంచే రాబట్టుకోవాలి. మంచి పేర్లను ప్రీమియం అని పక్కన పెట్టి వేలల్లో, లక్షల్లో అమ్మేది అందుకే. మొదటి ఏడాది వంద రూపాయలకే వచ్చిన పేరు రెన్యువల్‌కు మూడు వేలు అడగడమూ మామూలే. కొనేముందు చూడవలసింది ఆ రెండో అంకెను.

ఉచితం మేలని కూడా చెప్పలేం. న్యూజిలాండ్ అధీనంలోని టోకెలావ్ దీవుల టీకే పేర్లను ఏళ్ల తరబడి ఊరికే పంచారు. మోసగాళ్లు వాటిని విపరీతంగా వాడుకున్నారు. చివరికి 2023లో కొత్త నమోదులు ఆగిపోయాయి.

డొమైన్ సొంత ఆస్తి కాదు, గడువున్న అద్దె. కామ్ వంటి వాటిలో గడువు దాటాక రిజిస్ట్రార్ కొన్ని రోజులు ఆగుతాడు. పేరు రద్దయ్యాక మరో 30 రోజులు అదనపు రుసుముతో తిరిగి తీసుకునే వీలుంటుంది. సాధారణంగా అది రెన్యువల్ ధరకు ఎన్నో రెట్లు. అప్పటికీ కట్టకపోతే ఇంకో 5 రోజులకు పేరు జాబితా నుంచి తొలగిపోతుంది, ఎవరు ముందు నమోదు చేసుకుంటే వారిదే.