చౌక ల్యాప్‌టాపు: కొనేదా, వొద్దా?

మొన్న దసరా వెళ్ళాక ముత్తుకూరు వెళ్ళాను. నెల్లూరులో బస్సెక్కితే పెద్ద దూరమేమీ కాదు. కృష్ణపట్నం రేవుకు పోయే లారీలు దోవ యివ్వాలి, అంతే. అక్కడ మా తమ్ముడు, అంటే మా పినతండ్రి కొడుకు, ఉప్పుటేటి వార మూడెకరాల రొయ్యల గుంటలు సాగు చేస్తున్నాడు. నేను కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చున్నానో లేదో, ఒక రంగుల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“అన్నా, యీ ల్యాప్‌టాపు పద్దెనిమిది వేలకే వస్తా వుంది. పిల్లకు కొనేదా, వొద్దా? ఒక్క మాట చెప్పు.”

పిల్లకు వూళ్ళోనే వున్న మత్స్య కళాశాలలో సీటు వచ్చింది. 1991లో పెట్టిన కాలేజీ అది. చేపల సంగతీ రొయ్యల సంగతీ శాస్త్రంగా నేర్పుతారు. డిగ్రీ చదువు నాలుగేళ్ళు. ఆ చదువుకు ఒక ల్యాప్‌టాపు కావాలని పిల్ల కోరిక. కోరికలో తప్పేమీ లేదు. కాని యీసారి గుంటలో తెల్లమచ్చ కనబడితే, మా తమ్ముడు నూరు కౌంటులోనే వల వేసి, వచ్చిన ధరకు అమ్ముకున్నాడు. మేత బాకీ, కరెంటు బిల్లు పోగా మిగిలినవే యీ పద్దెనిమిది వేలు. ఒకసారి కొన్న తర్వాత “పొరపాటయింది, యింకొకటి కొందాం” అనే వీలు ఆ యింట్లో లేదు.

ఒక్క మాట చెప్పమన్నాడు గాని, నాకు నోరు పెగల్లేదు. దానికి కారణం వుంది.

నా సలహా, మా మేనల్లుడి నష్టం

నిరుడు మా మేనల్లుడు యిదే ప్రశ్న అడిగాడు. వాడు నెల్లూరులో ఒక మేతల దుకాణంలో లెక్కలు రాస్తాడు. “క్రోమ్‌బుక్కు తీసుకోరా, చౌక, తేలిక, వైరస్ బెడద లేదు” అని పెద్దరికంగా చెప్పాను. చెప్పిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. వాడు కొన్నాడు. నాలుగోనాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“మామయ్యా, దీంట్లో ట్యాలీ యెక్కదు గదా!”

ట్యాలీ లేకుండా దుకాణం లెక్కలు రాయడమంటే నాగలి లేకుండా దున్నడమే. వాడేం పని చేస్తాడో నేను అడగలేదు. తన పనేమిటో వాడు చెప్పలేదు. చివరకు సగం ధరకు దాన్ని యెవరికో అంటగట్టి, పాత విండోస్ ల్యాప్‌టాపు ఒకటి తెచ్చుకున్నాడు. ఆ యంత్రం మంచిదే. వాడికి పనికిరాలేదు, అంతే.

అంచేత మా తమ్ముడికి యీసారి ఒక్క మాట చెప్పకుండా, ముందు కాఫీ తెప్పించమని నాలుగు మాటలు చెప్పాను.

సొంత వంటిల్లు, క్యారియరు భోజనం

మామూలు ల్యాప్‌టాపు సొంత వంటిల్లున్న సంసారం వంటిది. గిన్నెలూ, రోలూ, మిక్సీ అన్నీ యింట్లోనే వుంటాయి. అంటే ప్రోగ్రాములన్నీ యంత్రంలోనే యెక్కించుకుంటాం. రాసిన కాగితాలన్నీ దానిలోనే దాచుకుంటాం. స్థలమెక్కువ కావాలి, ఖర్చెక్కువ, శుభ్రం చేసుకునే పనీ యెక్కువ.

క్రోమ్‌బుక్కు మెస్సు నుంచి క్యారియరు తెప్పించుకునేవాడి గది వంటిది. దానిలో ముఖ్యంగా వుండేది బ్రౌజరు, అంటే మనం ఫోనులో వార్తలు చూడటానికి తెరిచే క్రోమ్ వంటిదే. వుత్తరం రాసినా, లెక్కల పట్టీ వేసినా ఆ బ్రౌజరు కిటికీలోనే. రాసింది మన యంత్రంలో కాక, యెక్కడో దూరాన గూగుల్ వారి గిడ్డంగిలో చేరుతుంది. ఆ గిడ్డంగిలో 15 జీబీ దాకా అద్దె లేదు. అంతకు మించితే నెలకింతని చెల్లించాలి.

వంటిల్లు లేదు గనుక గది చిన్నదైనా చాలు. 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ వున్న యంత్రం కూడా దీనికి సరిపోతుంది. మీట నొక్కితే కొద్ది సెకన్లలో తెరుచుకుంటుంది. తెరుచుకునే ప్రతిసారీ తన లోపలి భాగాలను యెవరైనా మార్చారా అని తనే తనిఖీ చేసుకుంటుంది. విండోసు కోసం తయారైన ప్రోగ్రాములు యిందులో నడవవు. వాటితో పాటు విండోసు వైరసులూ నడవవు. మా మేనల్లుడు యేడ్చిందీ, నేను మెచ్చుకున్నదీ ఒకే గుణాన్ని!

ఇది నిన్న మొన్న పుట్టిన వింతేమీ కాదు. 2009లో గూగుల్ యీ సంగతి ప్రకటించింది. 2011లో శాంసంగ్, ఏసర్ కంపెనీలు మొదటి క్రోమ్‌బుక్కులు అమ్మాయి. మన దేశంలోకి 2013లో వచ్చాయి. 2015లో 12,999 రూపాయలకే రెండు రకాలు అమ్మకానికి పెట్టారు. 2023 అక్టోబరు నుంచి హెచ్‌పీ కంపెనీవారి యంత్రాలు మద్రాసు దగ్గరే తయారవుతున్నాయి. మొదట్లో బ్రౌజరు తప్ప మరేమీ లేదని యెగతాళి చేసేవారు. 2016 నుంచి ఫోనులో వాడే యాప్‌లు కూడా వీటిలో యెక్కుతున్నాయి కనుక ఆ యెగతాళి సగం తగ్గింది.

“బాగానే వుందిగా! మరి కొంటే యేం?” అన్నాడు మా తమ్ముడు. యెదురింటివాళ్ళ అబ్బాయి కూడా అదే కొన్నాడట.

“ఒరే, పక్కవాడు తవ్వాడని గుంట తవ్వితే యేమవుతుందో నేను నీకు చెప్పాలా?” అన్నాను. 1994, 95 నాటి తెల్లమచ్చ దెబ్బ నెల్లూరు తీరంలో యెవరూ మరిచిపోలేదు. టైగరు రొయ్య పచ్చనోట్లు కురిపిస్తుందని, నీరేమిటో మట్టేమిటో చూడకుండా అప్పు చేసి దిగినవాళ్ళ కథలు మా తమ్ముడే రాత్రుళ్ళు చెబుతుంటాడు. వాడు వెంటనే తగ్గాడు.

ఒక వారం చీటీ

పిల్లను పిలిచి ఒక తెల్లకాగితం యిచ్చాను. “అమ్మాయ్, యంత్రం సంగతి మరిచిపో. వారం రోజుల్లో నువ్వు చేసే పనులన్నీ రాయి. కాలేజీలో పైతరగతి పిలకాయలను అడిగి, నాలుగేళ్ళలో రాబోయే పనులు కూడా రాయి. ఒక్కో పనికి యెదురుగా అది బ్రౌజరులో అవుతుందా, యాప్‌లో అవుతుందా, విండోస్ ప్రోగ్రామే కావాలా రాసుకురా,” అన్నాను.

మర్నాటి సాయంత్రానికి చీటీ వచ్చింది. పాఠాల నోట్సు రాయడం, మేష్టర్లు పంపే పీడీఎఫ్‌లు చదవడం, రొయ్య జబ్బుల మీద వీడియోలు చూడటం, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపడం, నీటి పరీక్షల అంకెలు పట్టీలో వేసి గీతలు గీయడం. ఇవన్నీ బ్రౌజరులో అయ్యేవే. తెలుగులో టైపు చేయడానికి కూడా యిబ్బంది లేదు. సెట్టింగుల్లో తెలుగు కీబోర్డు చేర్చుకుంటే చాలు.

ఒక్క పని యెదుట ప్రశ్నార్థకం పెట్టింది: పైతరగతిలో గణాంకాల ప్రోగ్రాము. “అది వచ్చే నాటికి ల్యాబులో చేసుకోవచ్చా?” అని అడిగి రమ్మన్నాను. చేసుకోవచ్చని పైవాళ్ళు చెప్పారట. కాదని వుంటే యీ వ్యాసం యిక్కడితో ఆగి వుండేది. పదిలో తొమ్మిది పనులు సాగినంత మాత్రాన లాభం లేదు. ఆగిపోయే పదో పని యెంత ముఖ్యమైనదో చూసుకోవాలి. మా మేనల్లుడికి ఆగిపోయింది ఒక్కటే పని. అదే వాడి జీతం.

ఇదే కొలత మీ యింట్లో కూడా పెట్టి చూడండి. అచ్చుపనికి పేజ్‌మేకరు, అను ఫాంట్లు వాడేవారికి యిది కూడదు. పన్నుల కాగితాల మీద యూఎస్‌బీ పుల్ల పెట్టి డిజిటల్ సంతకం చేసేవారికీ కూడదు. ఆ పుల్లలకు కావలసిన ప్రోగ్రాములు సాధారణంగా దీనికి దొరకవు. ట్యాలీని దూరాన వున్న విండోస్ యంత్రంలో నడిపించుకునే మార్గం వుంది గాని, దానికి నెలనెలా సొమ్ము పోయాలి. యింట్లో పాత ప్రింటరు వుంటే అది దీనితో పలుకుతుందో లేదో ముందే చూసుకోవాలి. వుత్తరాలు, బ్యాంకు పనులు, మనవలతో వీడియోలో మాటలు, సినిమాలు మాత్రమే కావలసిన రిటైరయిన మేష్టారికి మాత్రం యింతకంటె నెమ్మదైన యంత్రం దొరకదు.

కొనకుండానే పరీక్ష

“చీటీ బాగానే వుంది. కాని వాడి చూడకుండా యెట్టా నమ్మేది?” అంది మా మరదలు తలుపు చాటు నుంచి. నిజమే. వంకాయ కూడా నొక్కి చూసి కొనే మనిషి!

దానికీ వుపాయం వుంది. క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అని గూగుల్ వారే 2022లో ఉచితంగా విడుదల చేశారు. 8 జీబీ యూఎస్‌బీ పుల్లలో దాన్ని యెక్కించి, యేదైనా పాత ల్యాప్‌టాపుకు గుచ్చి తెరిస్తే, ఆ పాతది క్రోమ్‌బుక్కు వేషం కడుతుంది. పుల్ల తీస్తే మళ్ళీ పాత వేషమే. ఫోను యాప్‌లు మాత్రం అందులో యెక్కవు. బ్రౌజరు పనులు పరీక్షించడానికి చాలు. అయితే “యెక్కించు” అనే మీట నొక్కకూడదు సుమా! నొక్కితే లోపల వున్నదంతా చెరిగిపోతుంది.

మా మేనల్లుడి యింట్లో మూలన పడి వున్న ల్యాప్‌టాపు తెప్పించి, పిల్లను ఆరు రోజులు దానితోనే పని చేయమన్నాం.

మూడోనాటి సాయంత్రం గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, సిగ్నలు పోయింది. పిల్ల సగం రాసిన నివేదిక తెరవబోతే రాలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని “పెదనాయనా, నా కాగితం పోయింది!” అని ఫోనెత్తింది, సిగ్నలు తిరిగి వచ్చిన తర్వాతే అనుకోండి.

కాగితం పోలేదు, గిడ్డంగిలో భద్రంగానే వుంది. దోవ తెగితే క్యారియరు రాదు, అంతే. తుపాను వస్తుందని తెలిసినప్పుడు ముందుగా గిన్నెలో నాలుగు మెతుకులు దాచుకోవద్దూ? అట్లాగే డ్రైవు సెట్టింగులలో ‘ఆఫ్‌లైన్’ అనే గడిలో ముందుగానే టిక్కు పెట్టుకుంటే, కావలసిన కాగితాలు యంత్రంలో కూడా నిలుస్తాయి. నెట్టు లేకపోయినా రాసుకోవచ్చు. నెట్టు వచ్చాక అదే గిడ్డంగికి పంపుకుంటుంది. గుంట గట్ల మీద సిగ్నలు అందని చోట్లు బోలెడు. అంచేత మన తీరంలో వున్నవారికి యిది తప్పనిసరి జాగ్రత్త. అదే యేడుపు పరీక్ష నాటి ముందురోజున యేడవవలసి వస్తే యెట్లా వుండేదో!

ఇంకొక జాగ్రత్త: అంతా ఒక్క గూగుల్ ఖాతా తాళంచెవి మీద నడుస్తుంది. ఆ తాళంచెవి ఫోనుతో ముడిపడి, ఫోనే గుంటలో పడితే? ఖాతా తిరిగి తెరిచే రహస్య సంఖ్యలు కొన్ని గూగుల్ యిస్తుంది. అవి కాగితం మీద రాసి బియ్యం డబ్బా పక్కన కాక, భూమి పత్రాలున్న పెట్టెలో దాచమన్నాను.

అట్ట మీద లేని తేదీ

ఆరు రోజులూ గడిచాయి. పిల్ల సరేనంది. మా తమ్ముడు రంగుల కాగితం జేబులో పెట్టుకుని బయలుదేరబోయాడు. “ఆగరా,” అన్నాను.

ప్రతి క్రోమ్‌బుక్కుకూ ఒక ఆయుర్దాయం వుంటుంది. ఆ తేదీ వరకే గూగుల్ వారు దానికి కొత్త రక్షణలు పంపుతారు. 2021 తర్వాత వచ్చిన వాటికి పదేళ్ళని 2023లో ప్రకటించారు. పదేళ్ళు బాగానే వుంది గాని, అవి మనం కొన్ననాటి నుంచి లెక్క కాదు. ఆ రకం మొదట విడుదలైననాటి నుంచి లెక్క. కొట్లో మూడేళ్ళు దుమ్ము తిన్న సరుకైతే మూడేళ్ళు అప్పుడే పోయినట్లు. గూగుల్ వారి పట్టికలో నమూనా పేరు వెదికితే తేదీ కనబడుతుంది. యంత్రం చేతిలో వుంటే సెట్టింగుల్లోనే చూడవచ్చు. పాత విండోస్ యంత్రం సెకండుహ్యాండులో కొనేవారూ యిట్లాగే చూసుకోవాలి: విండోస్ 10కు మామూలు వుచిత రక్షణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి.

రంగుల కాగితంలోని యంత్రం పేరు వెదికాం. దాని ఆయుస్సు యింకా రెండేళ్ళే! పిల్ల చదువు నాలుగేళ్ళు. అంత చౌకగా యెందుకు వస్తున్నదో అప్పుడు తెలిసింది.

ఆయుస్సు యెక్కువ వున్న మరో రకం చూస్తే యిరవై ఒక్క వేలు. మూడు వేలు తక్కువ. మా తమ్ముడు తల గోక్కున్నాడు. వీటిలో మెమరీ సాధారణంగా అతికేసి వుంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు గనుక, ఆ రకంలో కూడా 8 జీబీ వున్నదే చూడమన్నాను. దానికి యింకో వెయ్యి. నెల రోజులు ఆగుదామని పిల్లే అంది. ఆ నెలా మేనల్లుడి పాత ల్యాప్‌టాపు, దానికి గుచ్చిన పుల్లే నెట్టుకొచ్చాయి.

నెల తిరిగాక కొన్నారు. పగలు పిల్ల చదువుకుంటుంది. రాత్రి మా తమ్ముడు, తన పేర వేరే ఖాతా తెరుచుకుని, మేతకెంత, మందుకెంత, ఏరేటర్ల కరెంటుకెంత అని పట్టీ వేసుకుంటున్నాడు. ఇరవై యేళ్ళ సాగులో గుంటకు యెంత ఖర్చయిందో యిప్పుడే తెలుస్తున్నదట. తెలిసిన దగ్గర నుంచి నిద్ర పట్టడం లేదట!

“అంతా నీ సలహా వల్లే అన్నా,” అన్నాడు ఫోనులో.

“నేను సలహా యేమీ చెప్పలేదురా. చెప్పింది పిల్ల రాసిన చీటీ,” అన్నాను. అట్లా అనడం నాకు క్షేమం. పక్కనే మా మేనల్లుడు కూర్చుని వింటున్నాడు.