పుట్టిలో కావేరి జలపాతం చెంతకు

యాప్రాల్ నుండి కారులో దక్షిణాదికి బయలుదేరే కుటుంబాలు సాధారణంగా బెంగళూరుతోనో, మైసూరుతోనో ప్రయాణాన్ని ముగిస్తాయి. మేము ఈసారి మరికొంత దూరం సాగి, తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో, కర్ణాటక సరిహద్దున ఉన్న హొగెనక్కల్ జలపాతాన్ని చూడాలని సంకల్పించాము. అమ్మీతోనూ, పిల్లలతోనూ కలిపి ఆరుగురము.

ఫజ్ర్ నమాజు ముగించుకొని ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరి, 44వ నంబరు జాతీయ రహదారిని అందుకున్నాము. బీచుపల్లి వద్ద కృష్ణను, కర్నూలు వద్ద తుంగభద్రను, పామిడి వద్ద పెన్నను దాటుతుంటే, పాఠ్యపుస్తకంలోని నదులను పిల్లలు కళ్ళారా చూశారు. ముసాఫిర్లకు అల్లాహ్ ప్రసాదించిన వెసులుబాటు మేరకు దారిలో నమాజులను ఖస్ర్ చేసుకున్నాము. రాత్రి బెంగళూరులో విశ్రమించి, మరునాడు హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి మీదుగా సాగాము. ఆ ప్రాంతాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నందున దారి అడగడానికి ఇబ్బంది కలగలేదు. ధర్మపురి నుండి పెన్నాగరం మీదుగా జలపాతం సుమారు 46 కిలోమీటర్లు.

కన్నడంలో ‘హొగె’ అంటే పొగ, ‘కల్’ అంటే రాయి. బండలపై పడి చెదిరిన నీటి తుంపరలు పొగవలె లేస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. కావేరి ఇక్కడ అనేక పాయలుగా చీలి, రాతి గోడల నడుమకు దూకుతుంది. ఆ ఇరుకు దారిలోకి తీసుకువెళ్ళేది పుట్టి. వెదురుతో గుండ్రంగా అల్లి, అడుగున పూర్వం తోలు, నేడు ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. తమిళులు దీనిని పరిసల్ అంటారు. మన కృష్ణా, తుంగభద్ర జాలరులు వాడేదీ ఇటువంటిదే.

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యంగా తెలుసుకోవలసినది నది స్థితి. జలపాతం వద్ద చినుకైనా పడకపోయినా నీరు పెరగవచ్చు. కావేరి కొడగు కొండలలో, దాని ఉపనది కబిని కేరళలోని వయనాడులో పుడతాయి. అక్కడ వర్షాలు కురిసి, కృష్ణరాజసాగరం, కబిని జలాశయాల నుండి నీటిని వదిలినప్పుడు ఆ వరద హొగెనక్కల్ మీదుగానే మెట్టూరుకు చేరుతుంది. సరిహద్దులోని బిలిగుండ్లు వద్ద ప్రవాహాన్ని క్యూసెక్కులలో కొలుస్తారు. అది పెరిగినప్పుడు జిల్లా యంత్రాంగం పుట్టి ప్రయాణాలను, స్నానాలను నిషేధిస్తుంది.

మేము వెళ్ళిన రోజున నది నెమ్మదిగా ఉంది. అందరమూ ఒకే పుట్టిలో ఎక్కుతామంటే నడిపే అన్న ఒప్పుకోలేదు. రెండు పుట్టీలు తీసుకున్నాము. అందరికీ లైఫ్ జాకెట్లు కట్టించి, “అమ్మా, బురఖా అంచు పైకి పట్టుకొని అడుగు వేయండి. కూర్చున్నాక ఎవరూ లేవకూడదు” అని తమిళం కలిసిన తెలుగులో హెచ్చరించాడు. అమ్మీ మొదట జంకినా, మనుమరాలి చేయి పట్టుకొని కూర్చున్నారు. కొంతసేపటికి ఇరువైపులా నల్లని రాతి గోడలు, వాటి మీదుగా తెల్లని ధారలు. తుంపరలకు ముఖాలు తడిశాయి. “సుబ్‌హానల్లాహ్” అన్న అమ్మీ మాట ఆ హోరులో మాకు లీలగా వినిపించింది.

“ఇంకా దగ్గరికి తీసుకువెళ్ళు అన్నా” అని పిల్లలు బతిమాలారు. “ఇంతవరకే బాబూ. అక్కడ సుడి ఉంది” అని అతడు తెడ్డు తిప్పాడు. మేము మారు మాట్లాడలేదు.

నిషేధం ఉన్న రోజులలో ఈ శ్రామికులకు పుట్టి మీద వచ్చే కూలి ఉండదు. అటువంటి వారికి అదనపు సొమ్ము ఆశ చూపి, ఎక్కువ మందిని ఎక్కించమనడం, సుడి దాకా పొమ్మనడం వారి ప్రాణాలను, మన పిల్లల ప్రాణాలను పణంగా పెట్టడమే. తవక్కుల్ అంటే జాగ్రత్తను వదిలివేయడం కాదు. చేయవలసినదంతా చేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడం.

ఒడ్డున అప్పుడే పట్టిన చేపలను కొనుక్కుంటే అక్కడి స్త్రీలు వండిపెడతారు. చేప విషయంలో జబీహా ప్రశ్న లేదు గనుక మన కుటుంబాలకు ఇది అనువైన భోజనం.

జూలై, ఆగస్టు నెలలలో వరద అధికం. ఏ నెలలో వెళ్ళినా, బయలుదేరే ముందు రోజు పుట్టీలు నడుస్తున్నవో లేవో విచారించుకోవాలి. తీరా చేరాక నిషేధం విధిస్తే, అనుమతి ఉన్న చోటు నుండే జలపాతాన్ని చూసి తిరిగి రావాలి. ఆ మాట పిల్లలకు యాప్రాల్‌లోనే, కారు ఎక్కక ముందే చెప్పి ఉంచడం మంచిది.