నెల్లూరు తీరంలో పిల్లలతో మౌంటెన్ బైక్ రైడ్: ఫోన్‌తో మంచి ట్రైల్ వెతకడం ఎలా?

పోయిన మార్చిలో ఒక ఆదివారం. మా అక్క కూతురు రొయ్యల గుంట కట్ట మీద సైకిల్ ఆపేసి, నా ఫోన్ స్క్రీన్ వైపు చూసి అడిగింది: "మామా, మనం నీళ్లలో ఉండామా?"

మ్యాప్‌లో నీలం చుక్క నిజంగానే గుంట మధ్యలో ఉంది. మేం మాత్రం కట్ట మీదే ఉన్నాం. కట్ట వెడల్పు 2 మీటర్లు ఉంటుందేమో. రెండు పక్కలా నీళ్లు, టైరు కింద మెత్తటి ఇసక. మొదట ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకో పది నిమిషాలకి నవ్వు పోయింది.

మీలో చాలామందికి ఇంకా పిల్లలు ఉండకపోవచ్చు. కానీ ఇంట్లో ఒక తమ్ముడో, చెల్లో, మేనల్లుడో ఉంటారు. వాళ్ల చేతికి గేర్ సైకిల్ వచ్చాక, టెక్నాలజీ తెలిసినవాళ్లని మనల్నే అడుగుతారు "ఎక్కడికి తీసుకెళ్తావ్?" అని. ఆ ప్రశ్నకి నేను మొదట తప్పు జవాబు చెప్పాను. తర్వాత సరిదిద్దుకున్నాను. రెండూ చెప్తాను, మీకు పనికొస్తుంది.

గీతని నమ్మాను

మా అక్కావాళ్లది నెల్లూరు. పాపకి తొమ్మిదేళ్లు. 20 ఇంచుల చక్రాల మౌంటెన్ బైక్ కొనిచ్చాం. వీధిలో తిరిగి తిరిగి బోర్ కొట్టి "కొండల్లో తొక్కేవాళ్లు వీడియోల్లో ఉంటారే, అట్టా పోదాం" అంది.

ఇందుకూరుపేట మండలం వైపు, సముద్రానికి దగ్గర్లో, మ్యాప్‌లో ఒక గీత దొరికింది. పొడవు 6 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు దాదాపు సున్నా. "ఇంతకంటే ఈజీ ట్రైల్ ఇంకేం ఉంటుంది" అనుకుని జీపీఎక్స్ ఫైల్ సేవ్ చేసుకున్నా. ఉదయం ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాం. అది కూడా లేటే.

మొదటి కిలోమీటరు ఎర్ర గ్రావెల్, సూపర్. తర్వాత ఇసక మొదలైంది. తను దిగి తోసింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. ఆ తర్వాత దారి గుంటల కట్ట మీదికి ఎక్కింది. వెనక్కి తిరుగుదామా అనుకున్నా. స్క్రీన్ మీద మిగిలిన దూరం చూసి, ముందుకు పోవడమే దగ్గరనిపించింది.

అక్కడే ముందు చక్రం ఇసకలో దిగబడి హ్యాండిల్ తిరిగిపోయింది. తను గుంట వైపు పడింది. వీపుకున్న బ్యాగు పట్టీ నా చేతికి అందింది కాబట్టి సరిపోయింది. సైకిల్ మాత్రం సగం నీళ్లలోకి జారింది. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి సైకిల్ పైకి లాగి, పాపకి మంచినీళ్లిచ్చి, నన్ను కడిగిపారేశాడు. "ఏమబ్బయా, బిడ్డని తీసుకొని ఈ కట్ట మీదికి ఎందుకొచ్చినావ? ఏరియేటర్లకి కరెంటు వైర్లు పోతా ఉండాయి. కనపళ్లేదా? ఇంకోసారి ఈ పక్కకి రాబాక."

ఇంటికొచ్చాక పాప ఒకటే మాట అంది. "ఇంక నేను రాను మామా. నీ ఫోన్‌కి ఏం తెలీదు." అక్క అయితే, "నువ్వు రివ్యూ చెయ్యాల్సింది ఫోన్లని రా, నా బిడ్డని కాదు" అంది.

సైకిల్ కడిగి గోడకి ఆనించాం. నెలల తరబడి అది అక్కడే ఉంది.

బిగినర్ ట్రైల్ అంటే వాలు ఒక్కటే కాదు

తర్వాత కూర్చుని అసలు "బిగినర్ ట్రైల్" అంటే ఏంటో చదివాను. ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్ వాళ్ల గ్రేడింగ్ ఒకటుంది. తెల్ల సర్కిల్ అన్నిటికంటే సులువు, తర్వాత గ్రీన్ సర్కిల్, ఆ తర్వాత బ్లూ స్క్వేర్, బ్లాక్ డైమండ్, చివర్లో డబుల్ బ్లాక్ డైమండ్.

గ్రీన్ సర్కిల్‌కి కావాల్సినవి ఇవి: దారి వెడల్పు కనీసం 36 ఇంచులు, సగటు వాలు 5 శాతం లోపు, ఎక్కడా 15 శాతం దాటకూడదు, తప్పించుకోలేని అడ్డంకులు 2 ఇంచుల లోపే ఉండాలి. వీటితో పాటు నేల గట్టిగా, కదలకుండా ఉండాలి.

నేను వెతికిన గీత వాలులో పాస్, వెడల్పులో పాస్, నేల దగ్గర ఫెయిల్. మన తీరంలో వాలు అనే సమస్యే లేదు కాబట్టి అంతా ఈజీ అనుకుంటాం. ఇక్కడ కష్టాన్ని డిసైడ్ చేసేది నేల. కాబట్టి తీరంలో ట్రైల్ వెతకడం అంటే గట్టి నేల వెతకడమే. నేను ఎలివేషన్ చూశాను, సర్ఫేస్ చూడలేదు.

ఫోన్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

శాటిలైట్ వ్యూ: దారి ఉందా లేదా, పక్కన నీళ్లు ఉన్నాయా, నీడ ఉందా అన్నవి బాగానే తెలుస్తాయి. నేల మాత్రం మోసం చేస్తుంది. ఎండాకాలంలో పులికాట్ సరస్సు ఉత్తర భాగం ఎండిపోతుంది. పైనుంచి చూస్తే క్రికెట్ గ్రౌండ్‌లా ఉంటుంది. పైపొర కింద బురద ఉంటే చక్రం కూరుకుపోతుంది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్: దీనిలో ప్రతి దారికీ "సర్ఫేస్" అనే ట్యాగ్ పెట్టొచ్చు. ఇసక, మట్టి, గ్రావెల్, తారు ఇలా. ఓస్మాండ్ యాప్‌లో రూట్ వేస్తే ఆ సర్ఫేస్ వివరాలు కూడా కనిపిస్తాయి. అయితే ఎవరో ఒకరు నింపితేనే ఆ వివరం ఉంటుంది. నేను ఎంచుకున్న గీతకి అది ఖాళీ. ఖాళీ అంటే "బాగుంది" అని కాదు, "ఎవరూ చెప్పలేదు" అని. నాకు ఆ తేడా ఆ రోజు తట్టలేదు.

స్ట్రావా హీట్‌మ్యాప్: గీత వెలుగుతుంటే జనం వెళ్లారని అర్థం. వెళ్లింది తొమ్మిదేళ్ల పాపా, పెద్ద టైర్ల సైకిల్ వేసుకున్న పాతికేళ్ల కుర్రాడా అన్నది అది చెప్పదు.

జీపీఎస్: ఆరుబయట మామూలు ఫోన్ లొకేషన్ సుమారు 5 మీటర్ల తేడాతో ఉంటుంది. రోడ్డు మీద అది లెక్కలోది కాదు. 2 మీటర్ల కట్ట మీద మాత్రం 5 మీటర్లంటే నేలకీ నీళ్లకీ ఉన్న తేడా. మా చుక్క గుంటలో తేలింది అందుకే. ఫోన్ తప్పు ఏం లేదు, దాని హద్దు అంతే.

ఇక్కడ మన జిల్లా వాళ్లకి ఒక సరదా విషయం. మన నావిక్ సిస్టమ్‌లో మొదటి శాటిలైట్ 2013 జూలై 1న పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచే వెళ్లింది. కొత్త తరం ఎన్‌వీఎస్-01 కూడా 2023 మే 29న ఇక్కడి నుంచే వెళ్లింది. మీ ఫోన్‌కి సపోర్ట్ ఉంటే జీపీఎస్‌టెస్ట్ యాప్‌లో ఆ శాటిలైట్లని చూడొచ్చు. కానీ ఎన్ని శాటిలైట్లు దొరికినా మీరు ఎక్కడున్నారో చెప్తాయి, కాలి కింద ఇసక ఉందో లేదో చెప్పవు.

ఇంకో మాట. తీరం పక్కన కొన్ని చోట్ల సిగ్నల్ పోతుంది. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో కారు దారి చూపిస్తుంది గానీ సైకిల్, నడక దారులు చూపించదు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ ఆఫ్‌లైన్‌లో కూడా చూపిస్తాయి. ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి.

ముందు ఒక్కడినే వెళ్లాను

డిసెంబర్‌లో వానలు తగ్గాక నేనొక్కడినే నా సైకిల్ వేసుకుని మూడు శనివారాలు తిరిగాను. ఫిఫాక్స్ అని ఫోన్ సెన్సర్లతో ప్రయోగాలు చేసే ఫ్రీ యాప్ ఉంది, జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్లది. యాక్సిలరోమీటర్ ఆన్ చేసి ఏ దారి ఎంత ఊపుతుందో కొలుద్దామనుకున్నా.

రిజల్ట్ చూసి నవ్వొచ్చింది. మెత్తటి ఇసకలో గ్రాఫ్ అన్నిటికంటే స్మూత్‌గా వచ్చింది! ఇసక కుదుపుని మింగేస్తుంది కదా. గ్రాఫ్ ప్రకారం పోతే పాపని మళ్లీ ఇసకలోకే తీసుకెళ్లేవాణ్ని.

పనికొచ్చింది స్పీడ్. ఒకే గేర్‌లో, ఒకేలా తొక్కుతూ ట్రాక్ రికార్డ్ చేసుకుని, ఇంటికొచ్చి స్పీడ్ గ్రాఫ్ చూస్తే ఎక్కడెక్కడ పడిపోయిందో అక్కడల్లా ఇసకే. దానికి తోడు కాలితో ఒక టెస్ట్: దిగి మడమతో గట్టిగా నొక్కాలి. షూ సోల్ మందం కంటే లోతుగా దిగితే, అక్కడ పిల్లలు దిగి తొయ్యాల్సిందే.

మన తీరంలో ఏ నేల ఎలా ఉంది

గ్రావెల్ దారులు: మొదటి రైడ్‌కి ఇవే బెస్ట్. పొలాల మధ్య, బకింగ్‌హామ్ కాలువ చుట్టుపక్కల ఊళ్లని కలిపే మట్టి రోడ్లు చాలాచోట్ల గట్టిగా ఉంటాయి. కాలువ అంచుకి ఆనుకుని పోయే చోట మాత్రం పిల్లలతో వద్దు.

సరుగుడు తోటల బాటలు: నీడ ఉంటుంది, సూదుల్లాంటి ఆకు పరుచుకుని ఉంటుంది, ట్రాక్టర్ చక్రాలు పోయిన చోట నేల గట్టిపడి ఉంటుంది. అంచులు ఇసక. చిన్న వాన పడిన మర్నాడు ఇంకా బాగుంటుంది. తోట ఎవరిదో కనుక్కుని, అడిగి వెళ్లండి.

రొయ్యల గుంటల కట్టలు: వద్దు. నీళ్లు, కరెంటు వైర్లు, కాపలా కుక్కలు. పైగా రోగాలు సోకుతాయని రైతులు బయటివాళ్లని రానివ్వరు. వాళ్ల భయంలో న్యాయం ఉంది.

బీచ్: మైపాడు, కోడూరు లాంటి చోట్ల అల వచ్చి వెళ్లిన తడి ఇసక పట్టీ గట్టిగా ఉంటుంది. పోటు తగ్గే టైమ్ చూసుకోండి. పై పొడి ఇసక మీదికి చక్రం పోనివ్వకండి. తాబేళ్లు గుడ్లు పెట్టేది అక్కడే. నీళ్లలోకి దింపకండి. ఇంటికి రాగానే చెయిన్‌ని మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆయిల్ వెయ్యండి. ఉప్పు వదిలేస్తే తుప్పు పట్టేస్తుంది.

సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు: పులికాట్ మధ్యలోంచి పోతుంది, వ్యూ అదిరిపోతుంది. కానీ అది వాహనాలు తిరిగే రోడ్డు. పిల్లల ట్రైల్ కాదు.

సైకిల్ స్పెక్స్: బరువు చూడండి

పాప బరువు 24 కిలోలు, సైకిల్ బరువు 14 కిలోలు. అంటే తన బరువులో సగం కంటే ఎక్కువ. 70 కిలోలున్న నేను 40 కిలోల సైకిల్ తొక్కుతానా? పిల్లల సైకిల్‌లో ముందు సస్పెన్షన్ చూడటానికి బాగుంటుంది, మన తీరంలో దానివల్ల పెరిగేది బరువే. కొనేటప్పుడు షాపులో తూకం వేయించండి. పిల్లలు రెండు బ్రేకులూ సొంతంగా నొక్కగలరో లేదో చూడండి. టైరులో గాలి, సైడ్‌వాల్ మీద రాసిన రేంజ్‌లో కింది అంకెకి దగ్గరగా పెట్టండి. షాపులో రాయిలా కొట్టిస్తే ఇసకలో ఇంకా దిగబడుతుంది.

సీజన్ విషయానికొస్తే జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు బెస్ట్. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. ఉదయం ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ఇంటికి చేరాలి. పొద్దెక్కేకొద్దీ గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది. అందుకే ముందు సముద్రం వైపు తొక్కితే, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి వీపున తోస్తుంది.

మళ్లీ వెళ్లాం

జనవరిలో పాపని అడిగాను. వెంటనే ఒప్పుకోలేదు. "ఎంత దూరం?" అంది. ఒకటిన్నర కిలోమీటర్లు, అంతే అన్నాను. "మధ్యలో వద్దంటే?" అంది. "నువ్వు ఎక్కడ ఆగితే అక్కడే వెనక్కి. ఫోన్ నా జేబులో ఉంటుంది, తియ్యను." ఆ మాటకి ఒప్పుకుంది.

గ్రావెల్ దారి, చివర్లో సరుగుడు తోట. తను ముందు, నేను వెనక. తోట దగ్గర ఆగి, సైకిల్ దిగి, మడమతో నేల నొక్కి చూసింది. నేను నేర్పింది ఒక్కసారే. "గట్టిగానే ఉండాది, పోదాం" అంది. మొత్తం 4 కిలోమీటర్లు తొక్కాం. నేను అనుకున్నదానికంటే ఒక కిలోమీటరు ఎక్కువ.

ఇంటికొచ్చాక నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ తెరిచి తన చేతికిచ్చాను. మ్యాప్‌లో ఖాళీగా ఉన్న వివరాల్ని ప్రశ్నలుగా అడిగి, మన జవాబుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి పంపే యాప్ అది. మేం తొక్కిన దారికి గ్రావెల్ అని పెట్టింది. తర్వాత స్క్రీన్ జరుపుకుంటూ పోయి, మార్చిలో మేం పడిన కట్ట దగ్గర ఆగింది.

"ఇక్కడేం పెట్టాలి మామా?"

"నీకు తెలుసుగా" అన్నాను.

ఇసక అని నొక్కి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "ఇప్పుడు తెలుసులే నీ ఫోన్‌కి" అంది.